చూపు తగ్గినవారికి లేనివి కనిపిస్తాయి: ఆ మాట వారికి ముందే చెప్పండి

ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని కంటి డాక్టర్లకు, మానసిక వైద్యులకు, పీహెచ్‌సీ డాక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

విషయం: చార్లెస్ బోనే సిండ్రోమ్ (చూపు తగ్గినవారికి లేనివి కనిపించే స్థితి) గురించి ఓపీలో అడగడం, రోగికి ముందుగా చెప్పడం

గౌరవనీయులైన డాక్టర్లకు, అధికారులకు,

నమస్కారం. మేం విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టులం. చూపు బాగా తగ్గినవారికి మిగిలిన చూపుతోనే పనులు చేసుకోవడం నేర్పే కార్యకర్తలం కూడా మాలో ఉన్నాం. ఈ విషయం మీద సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు, జవాబు రాలేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాశాం, దానికీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఉదయం పూట ఓపీల బయట ఉండే జనాన్ని చూస్తే, ఒక్కో రోగికి మీ దగ్గర ఎంత సమయం దొరుకుతుందో ఎవరికైనా అర్థమవుతుంది. మేం అడిగేది అందులో అర నిమిషం.

సంగతి ఇదీ. రెండు కళ్లలోనూ చూపు బాగా తగ్గినవారిలో కొందరికి ఎదురుగా లేనివి కనిపిస్తాయి. గోడంతా ఇనుప గ్రిల్లులా గళ్లు, ఇటుకల వరసలు, ముగ్గులాంటి అల్లికలు కనిపించవచ్చు. మనుషులు, జంతువులు, పూలచెట్లు, బండ్లు, ఊరేగింపులు కనిపించవచ్చు. జానెడెత్తు మనుషులు బారులు తీరి నడుస్తూ కనిపించవచ్చు. కొందరికి కళ్లు పెద్దవై, పళ్లు బయటికొచ్చిన వికృతమైన ముఖాలు కనిపిస్తాయి. కన్నకొడుకు ముఖం చేతిదూరంలో కూడా పోల్చుకోలేని ఆవిడకు, గోడ వారగా నిలబడిన ఎవరో అమ్మాయి పట్టుపావడా అంచులో జరీ పోగు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయి కాలి పట్టీలు చప్పుడు చెయ్యవు. ఆమె పలకదు, తల్లో పూల వాసన రాదు. కొన్ని సెకన్లో కొన్ని నిమిషాలో ఉండి పోతుంది. అరుదుగా గంటల తరబడి ఉంటుంది. సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువ. వచ్చేది నిజం కాదని చాలామందికి తెలుసు. మొదటిసారి తెలియకపోయినా ఎవరైనా విడమరిచి చెబితే వెంటనే ఒప్పుకుంటారు.

జెనీవాకు చెందిన చార్లెస్ బోనే శుక్లాలతో చూపు పోయిన తన తాతగారి అనుభవాన్ని 1760లోనే రాసిపెట్టాడు. ఈ స్థితికి ఆయన పేరు 1936లో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి 9డి56 అనే కోడ్ కూడా ఉంది. కొత్త జబ్బేమీ కాదు, అరుదైనదీ కాదు. చూపు బాగా దెబ్బతిన్నవారిలో పదిమందికి ఒకరికైనా ఉంటుందన్నది సాధారణంగా చెప్పే అంచనా. అడిగిన తీరును బట్టి ఆ అంకె మారిపోతుంది. అడగకపోతే సున్నా అవుతుంది. మన ఓపీ రికార్డుల్లో ఇప్పుడు ఉన్నది ఆ సున్నానే.

ఎందుకు వస్తుందో కూడా తెలిసిన విషయమే. కంటి నుంచి మెదడుకు రావలసిన సమాచారం తగ్గిపోతే, చూపుకు సంబంధించిన మెదడు భాగం ఖాళీగా ఉండదు, తనంతట తాను పనిచేస్తుంది. షుగర్‌తో కాలు తీసేసినవారికి లేని కాలు దురద పెట్టినట్టే ఇదీ. 1998లో లండన్ పరిశోధకులు ఇలాంటివారి మెదడును స్కాన్ చేస్తే, రంగులు కనిపించినవారిలో రంగును గుర్తించే భాగం, ముఖాలు కనిపించినవారిలో ముఖాలను గుర్తించే భాగం చురుగ్గా ఉన్నాయి. 2004లో ప్రచురితమైన మరో ప్రయోగంలో చూపు బాగా ఉన్న 13 మంది ఆరోగ్యవంతులకు ఐదు రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచారు. వారిలో 10 మందికి లేనివి కనిపించాయి. మతికీ దీనికీ సంబంధం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంత తెలిసి కూడా, "ఇక చూపు తిరిగి రాదమ్మా" అని చెప్పే రోజున ఈ ఒక్క మాట రోగికి ఎవరూ చెప్పడం లేదు. దాని ఫలితం మామూలు ఇళ్లలో ఎలా ఉందో రాస్తున్నాం.

1. రోగి దాచుకుంటారు. చెబితే పిచ్చి అంటారని భయం. ఆస్తి కాగితాల మీద సంతకానికి పనికిరారంటారని మరో భయం. ఇది ఉత్త అనుమానం కాదు. "మామయ్యగారికి మతి చలించింది" అన్న మాట ఒకసారి ఇంట్లో పడితే, బ్యాంకు పుస్తకం మొదలు బీరువా తాళాల దాకా చేతులు మారిపోతాయి.

2. చెప్పినవారిని గాలి సోకిందంటారు. దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు, భూతవైద్యుల దగ్గరికి తిప్పుతారు. ఆకు పసర్లు కంట్లో పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిగిలిన కాస్త చూపూ కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పుండుతో పోయేది అక్కడే. "పోయినవాళ్లు పిలుస్తున్నారు, ఇక రోజులు దగ్గరపడ్డాయి" అని ఇంట్లోవాళ్లు చాటుగా ఏడుస్తారు. నిజానికి ఈ సిండ్రోమ్‌లో ఎక్కువగా కనిపించేది ముక్కూముఖం తెలియని కొత్తవాళ్లు. ఆ ఒక్క ముక్క చెప్పినా సగం భయం తగ్గుతుంది.

3. దెబ్బలు తగులుతాయి. మెట్టు ముందు గొయ్యి ఉన్నట్టు కనిపిస్తే పెద్దవాళ్లు కాలు పక్కకు వేసి పడిపోతారు. రోడ్డు మీద లేని లారీ కనిపిస్తే నిలబడిపోతారు. అలవాటు పడ్డాక నిజంగా లారీ వచ్చినా నమ్మరు, అది ఇంకా ప్రమాదం. అన్నం కంచంలో పురుగులు కదులుతున్నట్టు కనిపిస్తే తినకుండా లేచిపోతారు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే ఏమవుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

4. తప్పు మందు పడుతుంది. మా అసలు గోడు ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. "లేనివి కనిపిస్తున్నాయి" అన్న ఒక్క ఫిర్యాదు మీద డెబ్బై దాటినవారికి హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు (యాంటీసైకోటిక్‌లు) మొదలవుతున్నాయి. ఈ సిండ్రోమ్‌కు ఇవి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. మత్తు, ఒళ్లు బిగుసుకోవడం, నడక తడబడటం మాత్రం వీటితో బాగా తెలిసిన ప్రమాదాలు. చూపు లేని మనిషికి నడక కూడా తడబడితే తుంటి ఎముక విరగడానికి ఎంతోసేపు పట్టదు. బిగుతు తగ్గడానికని జోడించే ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి మరీ విచిత్రం. పెద్దవయసులో అది తికమకను తెస్తుంది, దానంతటదే లేనివి కనిపించేలా చేస్తుంది, దగ్గరి చూపును మసకబారుస్తుంది. కంటి కోణం ఇరుకుగా ఉండే రకం నీటికాసులు ఉన్నవారికి కంటిలో ఒత్తిడిని ఒక్కసారిగా పెంచగలదు. చూపు తగ్గి వచ్చిన బాధకు చూపును తగ్గించే మాత్ర రాసినట్టవుతుంది. ఇక ఆ మనిషికి ఉన్నది లెవీ బాడీ డిమెన్షియా (మతిమరుపు, లేనివి కనిపించడం, ఒళ్లు బిగుసుకోవడం కలిసి వచ్చే మెదడు జబ్బు) అయితే, ఆ జబ్బులో యాంటీసైకోటిక్ మందులకు శరీరం తీవ్రంగా, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చేంతగా ఎదురుతిరుగుతుంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

5. నయం కాగలిగినవారు కూడా ఆగిపోతారు. శుక్లం ముదిరి చూపు తగ్గి, దానివల్లే ఇవి కనిపిస్తున్నప్పుడు, ఆపరేషన్ చేసి లెన్స్ వేస్తే చాలామందిలో ఇవి తగ్గిపోతాయి. "మతి బాగా లేదు, కొన్నాళ్లు చూద్దాం" అని ఆపరేషన్ వాయిదా వేస్తే జబ్బు అలాగే ఉంటుంది, మాత్రలు మాత్రం పెరుగుతాయి.

బ్రిటన్‌లో ఈ సిండ్రోమ్ ఉన్నవారి మీద చేసిన సర్వే 2014లో వెలువడింది. కొన్నాళ్లకు దానంతటదే పోతుందని అంతకుముందు రోగులకు భరోసా ఇచ్చేవారు. సర్వేలో సుమారు ముప్పావు వంతు మందికి ఐదేళ్లు దాటినా వస్తూనే ఉన్నాయి. మూడోవంతు మంది దానివల్ల నిజంగా ఇబ్బంది పడుతున్నారు. ఎక్కువ ఇబ్బంది పడ్డవారిలో కనిపించిన లక్షణాల్లో ఒకటి: మొదటిసారి వచ్చిన రోజుకు దీని గురించి వారికి ఏమీ తెలియకపోవడం. అంటే మీరు ముందుగా చెప్పే మాట మర్యాద కోసం చెప్పే మాట కాదు, అదే వైద్యం.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. ఒక్క ప్రశ్న. రెండు కళ్లలోనూ చూపు తగ్గిన ప్రతి రోగినీ ఇలా అడగండి: "చూపు తగ్గినవాళ్లలో కొందరికి లేని మనుషులో పూలో గళ్లో కనిపిస్తుంటాయి. అది పిచ్చి కాదు, కంటి వల్ల వచ్చేదే. మీకెప్పుడైనా అలా కనిపించిందా?" మాటల వరస ముఖ్యం. ముందు "పిచ్చి కాదు" అని చెప్పి తర్వాత అడిగితేనే నిజం బయటికొస్తుంది. "మీకేమైనా లేనివి కనిపిస్తున్నాయా" అని నేరుగా అడిగితే "అబ్బే, లేదండీ" అంటారు. కొడుకూ కోడలూ పక్కనుంటే మరీ అంటారు. వీలైతే వారిని బయట కూర్చోమని చెప్పి అడగండి. జవాబును ఓపీ చీటీ మీద ఒక్క మాటలో రాయండి: ఉంది లేదా లేదు.

పెద్దవయసు వారినే అడిగి ఊరుకోవద్దు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో రేచీకటితో మొదలై ముదిరే రెటీనా (కంటి లోపలి తెర) జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న కుర్రవాళ్లు ఉన్నారు. పొలం పనిలో కంటికి దెబ్బ తగిలి, ఫంగస్ పట్టి, నల్లగుడ్డు మీద పువ్వు వేసినవాళ్లు ఉన్నారు. షుగర్‌తో రెటీనాలో రక్తం కారి ఒక్కసారిగా చూపు పడిపోయినవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ రావచ్చు. పిల్లలకూ రావచ్చు.

2. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుల్లో అడగండి. మూడు జిల్లాల్లోనూ చూపు పోయినవారు తమంత తాముగా వచ్చి ఒకే చోట కూర్చునే రోజు అదే. డాక్టరు చూపు కొలుస్తారు, శాతం రాస్తారు, పంపేస్తారు. ఆ సర్టిఫికెట్‌తో పాటు ఈ మాట కూడా చెప్పి పంపడానికి కొత్త బడ్జెట్టేమీ అక్కర్లేదు.

3. మాత్ర రాసేముందు చూపు కొలవండి. ఇది మానసిక వైద్యులకు, జనరల్ డాక్టర్లకు మా విన్నపం. ఒక్కో కంటికి విడిగా, కళ్లద్దాలతో, ఆ తర్వాత పిన్‌హోల్‌తో (సన్న రంధ్రం గుండా చూపించి) చార్టు చదివించండి. చేతివేళ్లతో నాలుగు పక్కలా చూపు మేర పరీక్షించండి. చూపు మామూలుగా ఉంటే బోనే సిండ్రోమ్ అనుకునే ముందు ఇంకోసారి ఆలోచించాలి. ఇవి కూడా చూడండి:

మాటలు వినిపిస్తున్నాయా, వాసనలు వస్తున్నాయా, ఎవరో తనకు కీడు చేస్తున్నారని నమ్ముతున్నారా? అయితే ఇది బోనే కాదు, మీ పరిధిలోని మరో జబ్బు.

రెండు మూడు రోజుల్లోనే మొదలై, మనిషి మగతగా, అయోమయంగా ఉంటే డెలీరియం. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం, షుగర్ వెంటనే చూడాలి. తాగుడు ఈమధ్యే మానేశారా అని కూడా అడగాలి.

చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, ఒకరోజు తేటగా ఉండి మరోరోజు మబ్బుగా ఉండటం, నిద్రలో కలకు తగ్గట్టు చేతులు విసరడం ఉంటే లెవీ బాడీ జబ్బును అనుమానించాలి.

కనిపించేవి ఎప్పుడూ ఒక పక్కనే ఉంటే, ఆ పక్క చూపు మేర కూడా పోయి ఉంటే మెదడు స్కాన్ చేయించాలి. రంగు గుండ్రాలు కొన్ని సెకన్లు మాత్రమే, ప్రతిసారీ ఒకేలా వస్తుంటే మూర్ఛ జబ్బేమో చూడాలి. వంకరటింకర మెరుపు గీతలు ఇరవై ముప్పై నిమిషాలు పాకి తర్వాత తలనొప్పి వస్తే మైగ్రేన్.

ఒక్కసారిగా మెరుపులు, నల్లటి చుక్కలు, తెర దిగినట్టు చీకటి వస్తే రెటీనా ఊడుతున్నట్టు. ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి.

వాడుతున్న మందుల చీటీ మొత్తం చదవాలి. పార్కిన్‌సన్స్‌కు ఇచ్చే లెవోడోపా, అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సీఫెనిడిల్ లాంటివి లేనివి చూపించగలవు. నీటికాసులకు వేసే బ్రిమోనిడిన్ చుక్కలతో మొదలై, అవి ఆపగానే పోయిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చుక్కలను మందుగా లెక్కవేయని అలవాటు మన దగ్గర రోగికీ ఉంది, చీటీ రాసేవారికీ ఉంది.

4. ఏం చేయాలో నేర్పి పంపండి. "పట్టించుకోకండి" అంటే సరిపోదు. మేం నేర్పేవి ఇవి. కనిపించగానే తల కదపకుండా కళ్లు మాత్రం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు 15 నుంచి 30 సెకన్లు తిప్పాలి. కాసేపు ఆగి మళ్లీ తిప్పాలి. నాలుగైదు సార్లు చేసినా పోకపోతే ఆ పద్ధతి ఆపి మరొకటి చూడాలి. గట్టిగా కళ్లార్పడం, లేచి గది మారడం, చేయి చాచి దాన్ని ముట్టుకోబోవడం కొందరికి పనిచేస్తాయి. చీకట్లో వస్తే లైటు వేయాలి, వెలుతురులో వస్తే తీయాలి. సాయంత్రం నుంచి పడుకునేదాకా కూర్చునే చోట జీరో బల్బుతో సరిపెట్టకుండా 9 వాట్ల ఎల్‌ఈడీ వెలగనివ్వాలి. మెట్ల అంచులకు కొట్టొచ్చే రంగు టేపు అంటించి, కర్రతో తడిమి చూశాకే అడుగు వేయడం అలవాటు చేస్తే లేని గొయ్యి సంగతీ తేలిపోతుంది, ఉన్న గొయ్యి సంగతీ తేలిపోతుంది. నిద్ర చాలకపోతే, ఒంటరిగా ఉంటే ఇవి పెరుగుతాయి. కరెంటు పోయిన రాత్రి మొదటిసారి కనిపించిందని కొందరు చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. "అక్కడేమీ లేదు" అని అరవకూడదు. అలాగని "అవును, నాకూ కనిపిస్తోంది" అని బుజ్జగించకూడదు, ఆ అబద్ధం ఇంకా చెడ్డది. "నీ కంటికి కనిపిస్తోంది నాన్నా, కానీ అక్కడ లేదు, ఇది చూపు తగ్గడం వల్ల వచ్చేదని డాక్టరుగారు చెప్పారుగా" అంటే చాలు. మీరు చెప్పి ఉంటేనే కదా వాళ్లు ఆ మాట అనగలిగేది.

5. చెప్పేది వినిపించేలా చెప్పండి. చూపు లేనివారి చేతిలో చిన్న అక్షరాల కరపత్రం పెట్టే ఆచారం మానుకుంటే మంచిది. మూడు నిమిషాల తెలుగు ఆడియో చేయించి, ఇంట్లోవాళ్ల ఫోనుకు వాట్సాప్‌లో పంపవచ్చు, ఓపీ హాల్లో వినిపించవచ్చు. కాగితమే ఇవ్వాలనుకుంటే 18 పాయింటుకు తగ్గని లావు అక్షరాలు, తెల్లకాగితం మీద నలుపు, వెనక బొమ్మలు లేకుండా ఉండాలి.

6. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నెలవారీ సమావేశంలో అరగంట ఇవ్వండి. గాలి, దయ్యం అన్న మాట మొదట చేరేది వాళ్ల చెవికే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి "మా అమ్మకు లేనివి కనిపిస్తున్నాయి" అన్నవారిని, అక్కడి కౌన్సెలర్లు వెంటనే "అమ్మగారి చూపు ఎలా ఉంది?" అని అడిగేలా శిక్షణ ఇప్పించండి.

7. లెక్క పెట్టండి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఉందన్నారు, వారిలో ఎంతమంది అప్పటికే మానసిక జబ్బు మాత్రలు మింగుతున్నారు: ఈ మూడు అంకెలు మూడు నెలలకోసారి బయటపెట్టండి. మూడో అంకె బయటికొస్తే మా మిగతా కోరికలకు మళ్లీ వినతిపత్రం రాయాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

ఇప్పటికే యాంటీసైకోటిక్ మాత్రలు వాడుతున్నవారికి ఒక మాట. ఈ లేఖ చదివి ఎవరూ సొంతంగా మందు ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే వేరే చిక్కులు వస్తాయి. చీటీ, కంటి రిపోర్టు రెండూ పట్టుకుని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, "ఇది చూపు వల్ల వచ్చిందేమో చూడండి" అని అడగండి. మీరు అడగవలసిన మాట అదే.

పైన మొదటి కోరికలో రాసిన ప్రశ్నను, నాలుగో కోరికలోని పద్ధతులను ఏ ఆసుపత్రి అయినా, ఏ క్యాంపు అయినా మా అనుమతి లేకుండా వాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, గొంతు రికార్డు చేసుకోవచ్చు. శిక్షణ ఇవ్వమంటే సొంత ఖర్చులతో వస్తాం. రెండు, నాలుగు కోరికలను ఏ క్యాంపులో ఎప్పటి నుంచి మొదలుపెడతారో తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
చూపు తగ్గినవారితో పనిచేసే ఆప్టోమెట్రిస్టులు, పునరావాస కార్యకర్తలు
విజయవాడ – గుంటూరు